నలభయ్యో రోజు మధ్యాహ్నం రెండింటికి

ఉగాది దాటంగనే మన దిక్కు చలివేంద్రాలు వెలుస్తాయి. నల్గొండ, దేవరకొండ, జడ్చర్ల, కల్వకుర్తి, గద్వాల, ఏ బస్టాండు ముందు చూసినా ఒక పందిరి, నాలుగు రంజన్లు (పెద్ద మట్టి కుండలు), ఒక ఫ్లెక్సీ కనిపిస్తాయి. మొదటి రోజు కొబ్బరికాయ కొడతారు, సల్ల పోస్తారు, ఫొటోలు దిగుతారు. రెండు వారాలు తిరిగేసరికి చాలా చోట్ల రంజన్ల అడుగున దుమ్ము పేరుకొని ఉంటుంది. అసలు ఎండలు అప్పటికి ఇంకా మొదలే కాలేదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె మే చివరి వారంలో వస్తుంది. ఏప్రిల్ మొదట్లో తెరిచి ఏప్రిల్ నడిమిట్ల ఆగిపోయిన చలివేంద్రం ఎవరి దాహమూ తీర్చనట్టే లెక్క.

అందుకే నా మటుకు చలివేంద్రానికి ఒకటే కొలత. పెట్టిన నలభయ్యో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు కుండలో చల్లటి నీళ్లున్నాయా? ఉంటే అది నడిచినట్టు.

ఎందుకు ఆగిపోతాయంటే మంచి మనసు లేక కాదు. మన ఊళ్లలో దాహమన్న మనిషికి నీళ్లు కాదనేవాళ్లు అరుదు. ఆగిపోవడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, నీళ్ల లెక్క, మనిషి లెక్క ముందు వేసుకోకపోవడం. రెండోది ఇంకా లోతైనది. సేవ అంటే మన సుఖం చంపుకొని చేసేదని, సంతోషం అంటే ఆ సేవ అయిపోయాక ఇంటికెళ్లి అనుభవించేదని మనం విడదీసి పెట్టుకున్నాం. పుణ్యం కోసం బిగబట్టుకొని చేసే పని పది రోజులకు బరువవుతుంది. పొద్దున్నే ఆరింటికి వేపచెట్టు కింద తడి ఇసుక మీద కుండలు నింపడంలో, తాగిన మనిషి మొహం నిమ్మళించడం చూడడంలో ఒక సంబురం ఉంది. ఆ సంబురం దొరికేలా పనిని అమర్చుకుంటే అరవై రోజులైనా చేయి ఆగదు. దాన్ని ఎలా అమర్చుకోవాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు నీళ్ల లెక్క చూద్దాం. ఎండలో వచ్చిన మనిషి మామూలుగా రెండు గ్లాసులు తాగుతాడు, అంటే అర లీటరు. చిన్న బస్టాపు దగ్గర రోజుకు 200 మంది ఆగుతారనుకుంటే 100 లీటర్లు. నలుగురిలో ఒకరు సీసా నింపుకుంటారు, అది ఇంకో 50 లీటర్లు. మొత్తం 150 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల డబ్బాలు ఏడెనిమిది. ఏప్రిల్ 1 నుంచి మిరుగు (మృగశిర కార్తె) దాకా, అంటే జూన్ 7 వరకు లెక్కిస్తే 68 రోజులు. వేసవి మొత్తానికి అయ్యేది 10,200 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు, పైన ఇంకొంచెం, అంతే! ఈ అంకె చూస్తే తెలుస్తుంది, కొరత నీళ్లకు కాదు. రోజుకు ఏడెనిమిది డబ్బాలు ఎత్తి పోసే చేతులకు.

ఆ చేతులు ఎవరివో ముందే తేల్చుకోవాలి. "మా సంఘం పోరగాళ్లు వంతులవారీగా చూసుకుంటారు" అన్న చోట పని నిలబడడం కష్టం. పరీక్షలు వస్తాయి, పెళ్లిళ్లు వస్తాయి, ఒకరి వంతు తప్పితే ఇంకొకరు కదలరు. ఒక మనిషిని కూలి ఇచ్చి పెట్టాలి. ఉపాధి హామీ పనిలో గడ్డపార ఎత్తలేని, నీడన కూర్చొని చేయగలిగే పెద్దావిడ ప్రతి ఊళ్లో ఉంటుంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆమె అక్కడ ఉంటే కుండ ఎండదు, గ్లాసు పోదు, కుక్క మూతి పెట్టదు. డబ్బాలు మోసే పని మాత్రం ఆమెది కాదు. అది పొద్దున్నే ఇద్దరు యువకులు పది నిమిషాల్లో చేసి పోవాలి. కూలి వారం వారం ఇవ్వాలి, నెలాఖరు దాకా ఆపకూడదు. ఇచ్చేది దానం కాదు, ఆమె చేసే పనికి ధర. ఫ్లెక్సీకి, టెంటుకు, మైకుకు, మొదటి రోజు సల్ల ప్యాకెట్లకు అయ్యే ఖర్చు ఒక కాగితం మీద రాసుకోండి. అందులో చాలా రోజుల కూలి దాగి ఉంటుంది.

ఇక ఏ నీళ్లు పోయాలన్నది. నల్గొండ జిల్లాలో ఈ ప్రశ్న మిగతా అన్నింటికన్నా పెద్దది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఏం చేసిందో వంగిపోయిన నడుములు చెప్తాయి. అయినా రోడ్డు పక్క చలివేంద్రానికి బోరు నీళ్లు పట్టేస్తుంటారు, దగ్గరగా దొరుకుతాయని, చల్లగా వస్తాయని. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. కాచితే పోదు, నీరు ఆవిరైపోయి మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. చాలామంది చేతిలో పట్టుకు తిరిగే టీడీఎస్ మీటరు కూడా దాన్ని పట్టించదు. అది నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంకె చూపిస్తుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. తాగే నీటికి భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీళ్లు ఎండాకాలంలో ఐదు లీటర్లు తాగితే ఒక్క రోజులో 15 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోయినట్టు. ఎండ ఎంత ఎక్కువైతే మనిషి అంత తాగుతాడు, కాబట్టి విషం కూడా అంత ఎక్కువ తాగుతాడు. మేలు చేస్తున్నామనుకుంటూ ఇంత కీడు చేసే పని ఇంకొకటి ఉండదు.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) 1970లలో రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. అది చదివి కుండలో పటిక కలుపుదామని ఎవరూ అనుకోవద్దు. ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది. పరీక్ష చేయకుండా చేతికొచ్చినంత వేస్తే పటికలోని అల్యూమినియం నీళ్లలో మిగిలిపోతుంది. తేలికైన దారి మిషన్ భగీరథ నల్లా. కృష్ణా నది నీళ్లు శుద్ధి చేసి ఇంటి దాకా ఇస్తున్నారు. నల్లా వచ్చే వేళకు మూత ఉన్న డ్రమ్ములో పట్టి పెట్టుకుంటే ఆ రోజు గడిచిపోతుంది. ఆర్వో ప్లాంటు నీళ్లే తేవాల్సి వస్తే లోపలి వడపోత పొర ఎప్పుడు మార్చారో, ఫ్లోరైడ్ పరీక్ష కాగితం ఉందో లేదో అడగండి. పట్టి పెట్టిన నీళ్ల మీద అనుమానం ఉంటే క్లోరిన్ మాత్ర వేయొచ్చు. మాత్ర ఎన్ని లీటర్లకో పెట్టె మీద రాసి ఉంటుంది. వేసి అరగంట ఆగాలి, ఆ తర్వాతే కుండలోకి. క్లోరిన్ క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్ జోలికి పోదు. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఎక్కువ.

కుండ సంగతికి వస్తే నాకు మాటలు ఆగవు. కుండ నీళ్లను చల్లబరిచేది మట్టి కాదు, మట్టిలోంచి బయటికి చెమర్చి ఆవిరయ్యే నీళ్లు. కుమ్మరి కాల్చిన కుండకు కంటికి కనపడని సందులుంటాయి. వాటిలోంచి ఊరిన తేమ గాలికి ఆరుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. పాలమూరు, నల్గొండ ఎండ పొడి ఎండ కాబట్టి కుండ ఇక్కడ బాగా పని చేస్తుంది, ఎనిమిది పది డిగ్రీల తేడా ఇస్తుంది. సముద్రం ఒడ్డున ఉక్కపోతలో అదే కుండ ఇంత చల్లదనం ఇవ్వదు. ఈ సంగతి తెలియక చలివేంద్రం కుండలకు పార్టీ రంగులు, సంఘం పేర్లు ఆయిల్ పెయింట్‌తో రాయిస్తారు. రంగు పూసిన మేర సందులు మూసుకుపోయి, ఆ కుండ మట్టితో చేసిన బకెట్ అయిపోతుంది. అలంకారం కావాలంటే మెడ చుట్టూ నాలుగు సున్నపు బొట్లు, పసుపు కుంకుమ చాలు.

కొత్త రంజన్ తెచ్చాక ఒక రోజంతా నీళ్లు నింపి ఉంచి పారబోయాలి. ఇంకోసారి అట్లాగే చేస్తే మట్టి వాసన సన్నబడుతుంది. కింద నాలుగు వేళ్ల మందాన ఇసుక పోసి తడుపుతూ ఉండాలి. గోనెసంచి తడిపి చుట్టాలి, అది ఎండినప్పుడల్లా మళ్లీ తడపాలి. నీడ తప్పనిసరి, గాలి కూడా అంతే తప్పనిసరి. మూడు వైపులా పరదా కట్టి "నీడ చేశాం" అనుకుంటే గాలి ఆడక చల్లదనం సగం పోతుంది. సబ్బు, డిటర్జెంట్ కుండకు తగలనివ్వద్దు, అది సందుల్లో దాక్కొని తర్వాత నీళ్లలోకి వస్తుంది. కొబ్బరి పీచుతో రుద్ది కడిగితే సరిపోతుంది. ఉప్పు నీళ్లు పోసిన కుండ పైన తెల్లటి పొర కడితే సందులు పూడిపోతున్నాయని అర్థం. నిరుటి కుండ ఈ ఏడు అంత చల్లగా ఇవ్వకపోవడానికి ఎక్కువసార్లు కారణం అదే.

అన్నింటికన్నా ఎక్కువగా జరిగే తప్పు ఇంకొకటుంది. మధ్యాహ్నం పన్నెండుకు కుండ అయిపోతే అందులోనే డబ్బా కుమ్మరిస్తారు. ఎండలో కాగిన ప్లాస్టిక్ డబ్బా నీళ్లు చల్లబడడానికి మూడు నాలుగు గంటలు కావాలి. సరిగ్గా జనం ఎక్కువగా వచ్చే ఒంటిగంట, రెండింటికి గోరువెచ్చటి నీళ్లు దక్కుతాయి. అందుకే కుండలు రెండు జట్లుగా ఉండాలి. పాతిక లీటర్ల రంజన్లు ఆరు తీసుకోండి. మూడు పొద్దున ఆరింటికి నింపితే తొమ్మిదిన్నర, పదికల్లా తాగడానికి సిద్ధం. మిగతా మూడు తొమ్మిదింటికి నింపి, మూత పెట్టి, ఒంటిగంట దాకా ముట్టుకోవద్దు. ఎంత గిరాకీ ఉన్నా ముట్టుకోవద్దు. ఈ ఒక్క నియమం పాటించిన చోట రెండింటికి వచ్చినవాడికి కూడా పొద్దుటి నీళ్లంత చల్లటి నీళ్లు దొరుకుతాయి.

నల్లా బిగించిన రంజన్ అయితే చెయ్యి ముంచే పని తప్పుతుంది. అది లేకుంటే పొడుగు కాడ గరిటె ఒకటి, వాడనప్పుడు వేలాడదీయడానికి ఒక కొక్కెం. కుండ మూత మీద బోర్లించిన గ్లాసుతోనే ముంచుకోమంటే సాయంత్రానికి ఆ నీళ్లలో ఎందరి వేళ్లు మునుగుతాయో! స్టీలు గ్లాసులు ఒక డజను ఉంటే చాలు, కడగడానికి వేరే బకెట్ ఉండాలి. వాడి పారేసే గ్లాసులు గాలికి ఎగిరి పక్క చేన్లో పడతాయి, పశువు మింగుతుంది.

గ్లాసు దగ్గర ఇంకో మాట చెప్పాలి. దోసిట్లోకి పైనుంచి పోసి తాగించడం మన దగ్గర పాత అలవాటు. ఎంగిలి కాకుండా అని చెప్తారు, నిజమే, శుభ్రమే. కానీ కొందరికి గ్లాసు ఇచ్చి, కొందరికి పైనుంచి పోస్తే అది శుభ్రం కాదు, అంటరానితనం. రెండు గ్లాసుల పద్ధతి మన హోటళ్లలో ఎన్నో ఏండ్లు నడిచిన చోటు ఇది. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో అంబేడ్కర్ వేలమందితో కలిసి, దళితులను ముట్టనివ్వని చవదార్ చెరువు నీళ్లు తాగి చూపించాల్సి వచ్చిందంటే, నీళ్లు ఎలా ఇచ్చామన్నది నీళ్లు ఇచ్చామన్నంత పెద్ద సంగతి. కాబట్టి చలివేంద్రంలో పద్ధతి ఒకటే ఉండాలి. అందరికీ గ్లాసు, లేదా అందరికీ దోసిలి. "ఏ ఊరు?" అని అడగొచ్చు. "ఎవరింటోళ్లు?" అని అడగొద్దు, ఆ ప్రశ్న వెనక ఏముంటుందో అడిగినవాళ్లకూ తెలుసు, విన్నవాళ్లకూ తెలుసు.

కూర్చునే చోటు గురించి ఎవరూ ఆలోచించరు, నాకైతే అది నీళ్లతో సమానం. నీళ్లు గొంతులో పోసుకొని మళ్లీ ఎండలోకి నడిచే మనిషికి దాహం తీరుతుంది, అలసట తీరదు. ఒక చెక్క బెంచీ, లేదా రెండు బండలు పేర్చిన గద్దె ఉంటే చాలు. ముంబయి, పుణె బస్సులు దిగి మక్తల్, నారాయణపేట వైపు ఊళ్లకు పోయే కూలీలకు, చంకన పిల్లను ఎత్తుకొని ఆసుపత్రికి వచ్చిన తల్లికి, అడ్డా మీద పని దొరకక మధ్యాహ్నానికి వెనక్కి మళ్లిన మేస్త్రీకి కావలసింది ఐదు నిమిషాలు ఎవరూ లేపని ఒక నీడ. "కూసో బిడ్డా, నిమ్మళంగ తాగు" అనే మాట ఆ నీళ్లలో కలిస్తే ఆ రెండో గ్లాసు రుచే వేరు. చిన్న చిన్న సంతోషాలు అని మనం పెద్ద మాటగా చెప్పుకునేది ఇదే. తాగినవాడిది ఒక గుటక, పోసినవాళ్లది ఆ గుటక చూడడం. గంటకు పాతిక మందికి పోసే చేతికి అది గంటకు పాతికసార్లు దొరుకుతుంది. జీతం ఇచ్చి పెట్టిన మనిషికే ఆ సంతోషం అంతా వదిలేయకుండా, ఊళ్లో వాళ్లు వారానికి ఒక గంట వచ్చి కూర్చుంటే, కొత్తవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడితే, తర్వాతి వారం వాళ్లను పిలవాల్సిన పని ఉండదు.

సల్ల, అంబలి సంగతి. వీటిని మొదటి రోజు ఆర్భాటానికి కాకుండా వారానికి రెండు రోజులు, సంత రోజొకటి కలుపుకొని పెట్టుకుంటే చివరిదాకా సాగుతాయి. లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్లు కలిపితే ఐదు లీటర్ల సల్ల, ఇరవై ఐదు మందికి వస్తుంది. ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు వేయాలి. పచ్చిమిర్చి తక్కువ వేయండి, ఖాళీ కడుపుతో వచ్చేవాళ్లుంటారు. బీపీ ఉన్నవాళ్ల కోసం ఒక చిన్న గిన్నెలో ఉప్పు లేకుండా పక్కన పెట్టాలి. కలిపిన మూడు గంటల్లో అయిపోయేట్టు చూసుకోవాలి, ఆ ఎండకు తొందరగా పులుస్తుంది. పులుపు తగిలేది కాబట్టి స్టీలు గంజులోనో మట్టి కుండలోనో ఉంచాలి, ఇత్తడి, అల్యూమినియం వద్దు. ఐసు గడ్డ లోపల వేయొద్దు. చేపలకు, పెండ్లి పందిట్లో డ్రమ్ములు చల్లబరచడానికి అమ్మే ఐసు తాగే నీళ్లతో చేసింది కాకపోవచ్చు. తప్పదంటే గంజు బయట పేర్చండి.

తైద (రాగి) అంబలి ఇంకా మేలు. పొద్దుట్నుంచి ఏమీ తినని మనిషికి కడుపు కూడా నిండుతుంది. యాభై మందికి కిలో తైద పిండి. ముందు రోజు రాత్రి రెండు లీటర్ల చన్నీళ్లలో కలిపి మూత పెడితే తెల్లారేసరికి కొద్దిగా పులుస్తుంది. ఆరు లీటర్ల నీళ్లు మరగనిచ్చి, ఆ కలిపిన పిండిని సన్నగా పోస్తూ ఆపకుండా తిప్పాలి. పొడి పిండి నేరుగా మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, ఎంత తిప్పినా లోపల పచ్చి ఉంటుంది. పది పదిహేను నిమిషాలు ఉడికి, పచ్చి వాసన పోయి, గరిటెకు అంటుకునే పాకానికి వచ్చాక దించి పూర్తిగా చల్లారనివ్వాలి. అప్పుడే రెండు లీటర్ల సల్ల, యాభై గ్రాముల ఉప్పు కలపాలి. వేడి మీద సల్ల పోస్తే విరిగిపోతుంది. నంజుకోవడానికి ఉల్లిగడ్డ ముక్క ఇస్తే తాగినవాళ్లు మరో గ్లాసు అడుగుతారు, ఆ లెక్క కూడా వేసుకొని వండండి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఒక పది చలివేంద్రంలో ఎప్పుడూ ఉండాలి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లకు. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి ఇవ్వడం చూస్తుంటాం, అది ఉప్పు ఎక్కువై వికారం పుట్టిస్తుంది. కలిపింది ఇరవై నాలుగు గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ లేకుంటే లీటరు నీళ్లకు చిన్న చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి డబ్బాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది.

నీళ్లు పోసే మనిషికి ఒక్క విషయం మాత్రం గట్టిగా నేర్పాలి. వచ్చినవాళ్లు తల తిరుగుతోందంటే పడుకోబెట్టి, కాళ్లు కొంచెం ఎత్తున పెట్టి, నీళ్లు కొద్దికొద్దిగా తాగించొచ్చు. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు నిప్పులా కాలుతూ సోయి తప్పినా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేయాలి, బండి వచ్చేలోగా నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, అట్టముక్కతోనైనా విసరాలి. ఇలాంటప్పుడు చలివేంద్రం నీళ్లన్నీ ఆ ఒక్క మనిషి మీద పోసినా తప్పు లేదు. సోయి లేని మనిషి నోట్లో మాత్రం చుక్క కూడా పోయకూడదు. చుట్టూ చేరినవాళ్లు "నీళ్లు పట్టియ్యి, నీళ్లు పట్టియ్యి" అని తొందర పెడతారు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పందిరి పక్కన రెండు అంగుళాల లోతున్న మట్టి మూకుడు పిట్టల కోసం, కొంచెం దూరంగా ఒక తొట్టి మేకలు, కుక్కల కోసం. రెండూ రోజూ పారబోసి నింపాలి, లేకుంటే వారం తిరగకుండా దోమలు లేస్తాయి.

చివరిగా ఒక నోటు పుస్తకం కావాలి. ఏ రోజు ఎన్ని డబ్బాలు అయ్యాయి, మొదటి జట్టు కుండలు ఎన్ని గంటలకు ఖాళీ అయ్యాయి, సంత రోజు ఎంత ఎక్కువ పట్టింది, ఏ కుండ పగిలింది, కూలి ఎంత ఇచ్చారు. రోజుకు రెండు వరుసలు చాలు. మిరుగు వచ్చి మొదటి వాన పడ్డాక కుండలు కడిగి, నీడలో ఆరబెట్టి, బోర్లించి పెట్టేటప్పుడు ఆ పుస్తకాన్ని కూడా ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒక రంజన్ కింద పెట్టండి. వచ్చే ఉగాదికి రంజన్లు కొనడానికి కుమ్మరి దగ్గరికి పోయే ముందు నలభయ్యో రోజు పేజీ తీసి చూస్తే, ఈసారి ఆరు కొనాలో ఎనిమిది కొనాలో అందులో ఉంటుంది.